రోమ్ వీధి నల్లా

మల్లన్నా,

నిన్నా ఇవాళా రోమ్‌లో కాలినడకన తిరిగాను. ఒక సమావేశానికి వచ్చాను, రేపు తిరుగు ప్రయాణం. పాత చర్చిలు, రాతి వంతెనలు చూశాను గానీ నీకు చెప్పాలనిపించింది వీధి నల్లాల గురించి. సందు సందుకూ ఒక ఇనుప నల్లా, ఆగకుండా పారే మంచినీళ్లు. ఎవరైనా తాగొచ్చు. నేను దోసిలి పట్టి, ముందు వాసన చూశాను. పక్కనున్న ముసలావిడ నన్ను వింతగా చూసింది. మీ ఊరు లక్డారంలో బోరు నీళ్లను నువ్వు అట్లాగే వాసన చూసేవాడివి.

ఆ నీళ్లు సీసాలో పట్టుకుని నువ్వు పటాన్‌చెరులో మా పేపరు ఆఫీసుకు వచ్చినప్పుడు, ల్యాబ్ రిపోర్టు లేనిదే వార్త రాయలేనన్నాను.

“ఏంది తమ్మీ, నా ముక్కు సాక్ష్యం నీ పేపరుకు సాలదా?” అని నవ్వావు.

“రిపోర్టు రానియ్యే అన్నా, మొదటి పేజీలనే రాస్త.”

రిపోర్టు నీ దినాలు అయిన మర్నాడు వచ్చింది. నీళ్లు తాగడానికి పనికిరావని ఉంది. రాశాను, బోరు మూసేశారు. నువ్వు ఎందుకు పోయావో డాక్టర్లు తేల్చలేదు, కాబట్టి అది రాయలేదు.

మీ ఇంటికి వేరే నీళ్లు లేవు. నేను రిపోర్టు కోసం మూడు నెలలు ఆగాను, పోయేదాకా నువ్వు అవే తాగావు.