ఖాళీ కాగితం మీద మసి

ఉధ్నా, సూరత్
ఆగస్టు, 2021

అమ్మకు,

నీ చిన్నబిడ్డ దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. సిరిసిల్లలో నువ్వు, అక్క, చంటిది బాగున్నారని తలుస్తాను. ఫోనులో ఇద్దరం ఏడ్చి పెట్టేస్తున్నాం కాబట్టి ఉత్తరాలే మంచివని నువ్వన్న మాట నిజమే.

అడిగినవాటికి ముందు జవాబు చెప్తాను. తింటున్నాను. పచ్చిపులుసు చేసుకున్నాను, నీ చేతి రుచి రాలేదు. బాపు, నేను ఉన్న ఖోలీ గది పక్కన సాంచా మగ్గాలు మళ్ళీ నడుస్తున్నాయి, ఒకటే మోత. నిద్ర సంగతి మాత్రం అడగకు.

నా చదువేమిటని స్వరాజ్యం అత్త అడిగితే "నీళ్ళల్ల పురుగులు సూస్తది" అన్నావట. నవ్వొచ్చింది. బాపు కూడా అంతే కదా. "నేను పోగులు లెక్కవెడ్త, నువ్వు పురుగులు లెక్కవెడ్తవ్. ఇద్దరికీ కండ్లు పోతయ్ బిడ్డా" అనేవాడు.

అవి పురుగులు కావమ్మా. సముద్రపు నీటి చుక్కలో తేలుతుండే జీవులు. ఒక్కోదానికి ఒళ్ళంతా కలిపి ఒకే ఒక్క కణం. అంత చిన్నదానిలో కార్బన్ ఎంత, నైట్రోజన్ ఎంత అని అంచనా కట్టడమే నా పని. సూక్ష్మదర్శినిలో పొడవు, వెడల్పు కొలిచి, దాన్నిబట్టి ఇంత ఉండొచ్చని లెక్క వేస్తాం. ఆ లెక్క సరిగ్గా ఉందా లేదా తెలియాలంటే కాల్చి చూడాలి. గాజు పోగులతో చేసిన తెల్ల కాగితం మీద నీళ్ళు వడగట్టి, ఎండబెట్టి, తగరపు రేకులో చుట్టి యంత్రంలో కాలుస్తాం. వచ్చిన గాలిని బట్టి యంత్రం ఎంత ఉందో చెప్తుంది.

వీటితోపాటు ఏ నీళ్ళూ పోయని కాగితం ఒకటి ఉంచుతాం. దాన్ని ఖాళీ కాగితం అంటాం. దాని మీద ఏదైనా చేరితే అది సముద్రానిది కాదు, మన గది గాలిదీ చేతులదీ. కాల్చి, ఎంతుందో చూసి, దాన్ని అన్నిటిలోంచీ తీసేయాలి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానో చివరకు తెలుస్తుంది. ముందు నువ్వడిగిన పెద్ద ప్రశ్న. "పదోనాడు పిట్ట ముట్టలే. ఎంతసేపు సూసినా రాలే. ఆఖరుకు ఆవుకు పెట్టినం. నీ బాపు మనసుల ఏదో ఉండిపోయింది. ఏమడిగిండో దాయకు బిడ్డా" అని రాశావు. బాపు ఏమీ అడగలేదమ్మా. ఆసుపత్రి నుంచి ఫోనులో "మీ అమ్మకు చెప్పకు, భయపడ్తది. మంచిగైనంక చెప్దాం" అన్నాడు. ఆ విషయంలో నేను దాచింది లేదు. దాచింది వేరే ఉంది.

ఏప్రిల్‌లో బాపు పోయిన రోజు ల్యాబ్‌లో కాగితాలు ఆరబెట్టాను. కరోనా వల్ల ఏసీ వేయొద్దన్నారు, కిటికీలన్నీ తెరిచే ఉంచాలి. ఆరగానే మూతపెట్టాలి. ఇంతలో ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఉన్నవి ఉన్నట్టే వదిలేసి పరుగెత్తాను.

బాపును ప్లాస్టిక్‌లో చుట్టేశారు. ముఖం చూపించలేదు. శ్మశానం గేటు దగ్గరే నన్ను ఆపేశారు. మర్నాడు పొద్దున బూడిద కోసం వెళ్తే అక్కడి ముసలాయన నా ముందు చాలా కుండలు పెట్టి హిందీలో అన్నాడు: "బేటీ, నీతో అబద్ధమాడను. అందరినీ కలిపి కాల్చినం. ఎవరిది ఎవరిదో ఆ దేవునికే తెలుసు. ఒకటి తీసుకో, దండం పెట్టుకో."

ఒకటి తీసుకున్నాను. దాని మీద బాపు పేరు నేనే రాసి, ఊరికొస్తున్న కనకయ్య మామకిచ్చి పంపాను. నువ్వు మానేరు వాగులో కలిపింది బాపునో కాదో నాకు తెలియదమ్మా. పిట్ట రాలేదని నువ్వు రాసినప్పటినుంచీ నాకు అన్నం సహించడం లేదు.

తర్వాత ల్యాబ్‌కు వెళ్ళి చూస్తే కాగితాలన్నిటి మీదా సన్నటి మసి ఉంది. ఖాళీ కాగితం మీద కూడా. శ్మశానం అక్కడికి దగ్గరే, గాలి ఇటే వీస్తుండింది. ఇది సూరత్, మిల్లు పొగ లేని రోజుండదు. కానీ ఆ వారం మిల్లులు సగం మూతబడ్డాయి, శ్మశానం మాత్రం ఆగలేదు.

మా గైడు సుమన మేడం మంచిది. "ఖాళీ కాగితం కాలిస్తే మసి ఎంతో తెలుస్తుంది. తీసేస్తే మిగతావన్నీ పనికొస్తాయి. లేకపోతే ఆ నీళ్ళు మళ్ళీ దొరకవు, నీ చదువు ఇంకో ఏడాది" అంది. సరేనని తగరపు రేకులో చుట్టడం మొదలుపెట్టాను. సగం చుట్టాక చేతులు ఆగిపోయాయి. బాపును చుట్టింది గుర్తొచ్చింది. ఈ మసిలో బాపు ఉంటే, దీన్ని కూడా కాలిస్తే బాపును రెండోసారి కాల్చినట్టే కదా అనిపించింది.

అప్పటినుంచి సూక్ష్మదర్శిని ముందు వంగితే చాలు, వెనక స్టూలు మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. "ఇయ్యాల ఏం కనవడ్డది బిడ్డా?" అని అడుగుతాడు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ బాపు ఫోనులో రోజూ అడిగిన మాటే. మొదట్లో తిరిగి చూసేదాన్ని. ఇప్పుడు చూడటం లేదు, జవాబు చెప్తున్నాను. భయం వేస్తుందమ్మా. అడగడం మానేస్తాడేమోనని ఇంకా భయం వేస్తుంది.

మొన్న మేడంకు కాల్చలేనని చెప్పేశాను. ఆమె "అయితే ఆ కాగితం ఇంటికి పంపు" అంది. చదువు ఏడాది వెనక్కి పోతే పోనీ.

ఆ కాగితం ఈ కవరులోనే ఉంది. విప్పేటప్పుడు జాగ్రత్త, మసి రాలుతుంది. అది బాపేనని చెప్పలేను, ఎవరైనా కావచ్చు. ఎవరైనా సరే, వాళ్ళకూ ఒక ఇల్లు ఉండే ఉంటుంది. మానేరులో వదిలి, ముద్ద కలిపి మళ్ళీ పెట్టు. అక్కను తోడు తీసుకెళ్ళు.

ఫోను చెయ్యి. పిట్ట ముట్టకపోయినా నాకు మాత్రం ముట్టిందనే చెప్పమ్మా.

ఇట్లు,
నీ చిన్నబిడ్డ
హారతి