మోగని మెట్టు

అన్నా, మన మొఘల్‌పురా ఇంట్లోని పియానోకు మోగని మెట్టు ఒకటుండేది కదా. నువ్వు కట్టిన పాటలో ఆ మెట్టు దగ్గర వచ్చే ఖాళీ నువ్వు కోరి పెట్టుకున్నదా, ఆ మెట్టు వల్ల వచ్చిందా? ఇన్నేళ్లుగా ఇదే ప్రశ్న.

నువ్వు పోయేనాటికి చంటిపిల్లయిన నీ బిడ్డ శ్రావ్య, ఇవాళ ఆ పాట రికార్డు చేస్తానని కూర్చుంది. అసలు పియానోల మోతను మెట్టు మెట్టుకూ పట్టి కంప్యూటర్‌లో పెడతారట. వాటిని ఒక్కోటీ వినిపించింది.

“అత్తా, ఇది సినిమా పాటలకు మస్తుంటది. ఇది జాజ్‌కు. బాపు పాటకు గీ మెత్తటిది పెడదాం. నువ్వు పాడు, నేను వాయిస్త.”

నేను కూనిరాగం తీస్తూ ఖాళీ దగ్గర ఆగాను.

“ఏంది, మరిచినవా?”

“మీ బాపు గక్కడ నొక్కితే టక్ మనేది, గంతే.”

“వీటిల్ల మోగని మెట్టు దొరకదత్తా!” అని నవ్వి, ఆ స్వరం నింపి వాయించింది.

పాట అందంగానే ఉంది. కానీ నాకు భయమేసింది. ఆ తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా నీ టక్ వినబడలేదు, కొత్త స్వరమే వినబడింది. నిన్ను విన్న చెవులు ఇంట్లో నావే మిగిలాయి. నేను సరే అన్నదే శ్రావ్యకు నీ పాట అవుతుంది.

“గా స్వరం ఉంచాల్నా, తీసెయ్యాల్నా?” అని అడుగుతోంది. ఆ ఖాళీ నువ్వు కోరి పెట్టుకున్నదేనా, అన్నా?