మూడో సెట్టు

ఫిబ్రవరి 9

బావ హెల్మెట్‌తో కొట్టాడు. ఎడమ కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి. తప్పు నాదే, కాదనను. కానీ హెల్మెట్‌తోనా?

మా రేసు కారుకి నాలుగు సెట్ల చక్రాలు. ప్రతి చక్రంలోనూ ఒక సెన్సర్ ఉంటుంది. లోపల గాలి ఎంతుందో డ్రైవరు ముందున్న స్క్రీన్‌కి చెబుతుంది. సెట్టు మార్చినప్పుడల్లా, ఇప్పుడు బిగించింది ఫలానా సెట్టు అని ట్యాబ్‌లో నొక్కాలి, టైర్ల పని నాది కాబట్టి నేనే నొక్కాలి. ఇవాళ ప్రాక్టీసులో రెండో సెట్టు బిగించి నొక్కడం మర్చిపోయాను. విప్పిన ఒకటో సెట్టు గరాజులో, టైర్లు చల్లారకుండా కప్పే వేడి దుప్పట్లు కప్పుకుని హాయిగా పడుకుంది. నేను నొక్కలేదు కాబట్టి గరాజు ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ కారు దాని అంకెనే అందుకుంది, మిగతా ట్రాకంతా దాన్నే పట్టుకుని కూర్చుంది. స్క్రీన్ మీద ఇరవై ఏడు. అసలు టైరులో పంతొమ్మిది. నడుపుతున్న బావ మలుపులో జారి గడ్డిలోకి పోయాడు. దిగి తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

కుట్లు వేయించడానికి అక్క తీసుకెళ్ళింది. అదే కారుకి రెండో డ్రైవరు మా అక్క.

ఫిబ్రవరి 12

బావ సారీ చెప్పాడు. కూల్ డ్రింక్ కొనిచ్చాడు. ప్రాణం పోయేదిరా బావమరిదీ, అందుకే రక్తం ఉడికింది అన్నాడు. వాడి రక్తం ఉడకడానికి పొయ్యి అక్కర్లేదు.

ఫిబ్రవరి 20

అక్క సూట్ జిప్ ఇరుక్కుంటే లాగమంది. లాగాను. భుజం వెనక కమిలి నల్లగా ఉంది. వేళ్ళు విడివిడిగా కనిపిస్తున్నాయి. సీటు బెల్టు ఒరుసుకుందిరా అంది. బెల్టుకి వేళ్ళుంటాయా అక్కా అన్నాను. నీ పని నువ్వు చూసుకో అంది.

నా పని టైర్లు.

ఫిబ్రవరి 21

గరాజు వెనక బావ కాలర్ పట్టుకున్నాను. పట్టుకున్నంతసేపు పట్టలేదు వాడు నన్ను కింద పడెయ్యడానికి. మోకాలితో కడుపులో పొడిచాడు, కుట్లున్న వైపే గోడకేసి మోదాడు. మొగుడూ పెళ్ళాల మధ్య దూరితే తల తీసేస్తానన్నాడు. వాడి చెయ్యి నోటికి అందితే రక్తం వచ్చేదాకా కొరికాను. ఉప్పగా ఉంది. బాగుంది.

మా టీము చీఫ్ వచ్చి నీళ్ళ పైపుతో ఇద్దర్నీ తడిపాడు, వీధికుక్కల్ని విడదీసినట్టు. మీ ఇంటి గొడవలు ఇంట్లో పెట్టుకోండి, వచ్చే ఆదివారం రేసుంది అన్నాడు.

సాయంత్రం

అక్క ఫోన్ చేసి తిట్టింది. నిన్నెవడు వెళ్ళమన్నాడురా, నువ్వు చిచ్చు పెట్టి వెళ్తావు, కాలేది నేను అంది.

ఫిబ్రవరి 24

మూడో సెట్టులో ముందు కుడి చక్రం కొద్దికొద్దిగా గాలి వదులుతోంది. వాడకూడదని సుద్దతో ఇంటూ గుర్తు పెట్టాను.

సాయంత్రం ఆరు

గుర్తు తుడిచేశాను.

ఫిబ్రవరి 25

మనిషిని చంపడానికి ఏమీ చెయ్యక్కర్లేదు. నొక్కాల్సింది నొక్కకపోతే చాలు. ఆదివారం ముందు అక్క నడుపుతుంది, ఒకటో సెట్టు మీద. మధ్యలో ఆగినప్పుడు అక్క దిగి బావ ఎక్కుతాడు. మూడో సెట్టు బిగిస్తాం. విప్పినదానికి నేను వేడి దుప్పటి కప్పుతాను. వాడికి ఇరవై ఏడు కనిపిస్తూనే ఉంటుంది. తిన్నటి రోడ్డు చివర మలుపు, ఆ మలుపు పక్కన గోడ.

భయం వేస్తుందనుకున్నాను. ఆకలి వేసింది. రెండుసార్లు అన్నం పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 28, పొద్దున

కారెక్కే ముందు అక్క నా కనుబొమ్మ తడిమి చూసింది. మానిందిరా, మచ్చ మాత్రం ఉండిపోతుంది అంది.

మార్చి 1

పళ్ళు కదులుతున్నాయి. కూర్చుంటే పక్కటెముకలు నొప్పి, పడుకుంటే ఇంకా నొప్పి. అయినా రాయాలి.

నిన్న పొద్దుట్నుంచి హెడ్‌సెట్ మెడలోనే వేలాడేసుకున్నాను. అక్క గొంతు వింటే మనసు మారుతుందని భయం. కారు వచ్చి ఆగింది. నాది ముందు కుడి చక్రం. డ్రైవరు తలుపు అవతలి పక్క. తల ఎత్తలేదు. విప్పాను, మూడో సెట్టు చక్రం బిగించాను, కారు వెళ్ళిపోయింది. విప్పినవాటికి దుప్పట్లు కప్పాను. అప్పుడు హెడ్‌సెట్ చెవులకి పెట్టుకున్నాను. బావ అరుపు వినాలని.

అక్క గొంతు వచ్చింది. టైర్లు బాగున్నాయి, ఇరవై ఏడు, వేగం పెంచుతున్నాను అంటోంది.

బావ ఆఖరి నిమిషంలో పక్క టీము డ్రైవరు ముక్కు పగలగొట్టాడట. అధికారులు వాణ్ణి కారెక్కనివ్వలేదు. దిగొద్దని చీఫ్ అక్కకి రేడియోలో చెప్పాడట. అందరూ విన్నారు, నేను తప్ప. వాడికి తీసిన గోతిలోకి మా అక్కని నా చేతులతోనే సాగనంపాను.

చీఫ్ చేతిలోంచి మైకు లాక్కున్నాను. అక్కా, స్క్రీన్ నమ్మకు, అది గరాజులో ఉన్న చక్రం అంకె, స్పీడు తగ్గించు అని అరిచాను. మళ్ళీ మర్చిపోయావా అని విసుక్కుంది. మర్చిపోలేదు, కావాలనే చేశాను, బావ కోసం చేశాను అన్నాను. ఆ మాట టీములో ప్రతి చెవిలోనూ పడింది.

తగ్గించింది. తగ్గిస్తుండగానే టైరు రిమ్ము వదిలేసింది. కారు గోడని గుద్దుకోలేదు, గీరుకుంటూ పోయింది. ఆ ఇనుప కీచు ఇంకా చెవుల్లో ఉంది. అక్క కాలర్ ఎముక విరిగింది. బతికింది. నా అక్క బతికింది.

ఆ తర్వాత బావ నన్ను తన్నాడు. ఎవరూ అడ్డు రాలేదు. నేనూ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

మార్చి 3

చీఫ్ కేసు పెట్టాడు. పెట్టనీ.

ఆసుపత్రికి వెళ్ళాను. అక్క ఒకటే అడిగింది, కారులో మీ బావే ఉంటే మైకు తీసుకునేవాడివా అని. లేదన్నాను. అబద్ధం చెప్పాల్సింది.

అక్క మొహం గోడవైపు తిప్పుకుంది. వాడు కొట్టినప్పుడల్లా నా మీద ప్రేమతోనే అంటాడు, నువ్వూ నా మీద ప్రేమతోనే అంటావు, మీ ఇద్దరి ప్రేమకీ నా ఎముకలే దొరికాయిరా అంది. నర్సుని పిలిచి నన్ను బయటికి పంపించమంది.

బయట బెంచీ మీద బావ. వాణ్ణీ రానివ్వద్దందట. ఉన్నది ఒకటే బెంచీ. చెరో చివర కూర్చున్నాం.

మార్చి 14

పొద్దున తలుపు కొట్టిన చప్పుడు. తీస్తే బావ. గడ్డం మాసిపోయి ఉంది. మీ అక్క నీ దగ్గరుందా అన్నాడు.

నేను అడగబోయిందీ అదే.