నాడెకు కొత్త మొనలు

మంగళవారం, ధర్మవరం

నాయన ఈరోజు నాలుగుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాడు.

మగ్గం మీద ఉన్నది తెల్లటి పెళ్లి పట్టుచీర. పొద్దున్నించి దాని మీద సన్నటి బూడిదరంగు గీతలు పడుతున్నాయి. "నా చేతి చెమటేమోరా, వయసైపోయినాది" అన్నాడు. సాయంత్రం దాకా నేనూ అలాగే అనుకున్నాను.

పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెకు ఆదివారం నా చిన్న లేత్ మిషన్ మీద కొత్త మొనలు చేసిచ్చాను, నాయన వాటిని ఈ పొద్దునే బిగించాడు. పాతవి అరిగిపోయాయి. ఇనుమే చాలని నాయన అన్నా వినకుండా, హిందూపురంలో కొన్న అల్యూమినియం కడ్డీ తీశాను. డ్రోన్లకూ ఫోన్లకూ వాడే లోహం. తేలిక, తుప్పు పట్టదు, అద్దంలా మెరిసింది కూడా.

సాయంత్రం ఊరికే తెల్ల రుమాలుతో మొన తుడిస్తే రుమాలు నల్లబడింది. మళ్లీ తుడిచాను, మళ్లీ నలుపే. ఇంత తెల్లటి లోహంలో ఈ మసి ఎక్కడిది? నేను పాలిష్ సరిగ్గా చేయలేదా? లేక దీని గుణమే ఇంతేనా? నెట్‌లో ఒకరు ఒకటి చెబుతారు, ఇంకొకరు ఇంకొకటి.

ఆ గీతలు ఈ మొనలవేనని ఎలాగైనా చెప్పేద్దామని మేడ దిగాను. నాయన పక్కింటాయనకు నాడె చూపిస్తున్నాడు. "మావాడు చేసినాడప్పా. ఎంత తేలిగ్గా పోతాండాదో చూడు. నా చేతులే పనికిరాకుండా పోయినాయి."

రుమాలు జేబులో కుక్కుకుని మళ్లీ మేడెక్కాను.

రేపటి నుంచి ఆ చీర అమ్మ నేస్తుందట. నాడె మాత్రం అదేనట.