మీరు మాత్రం ఏమీ మోయకండి

ఏమండీ, కొత్త ఇంటి తాళాలు తేవడానికి వెళ్తున్నాను. ప్యాకర్స్ వాళ్ళు పదింటికి వస్తారు. కంటికి కనిపించిందల్లా చుట్టేస్తారు కాబట్టి మీ మందులు, ఛార్జరు, అన్నం డబ్బా బాత్రూంలో పెట్టి తలుపేశాను. అటు రానివ్వకండి.

ఎక్సర్‌సైజ్ సైకిల్ మీదున్న తువ్వాళ్ళు తీసేయండి. లేకపోతే బట్టల స్టాండనుకుంటారు. పాపం, వాళ్ళ తప్పేం లేదు, నేనూ అలాగే అనుకుంటున్నాను.

పోయినసారి మొహమాటానికి పోయి మీరు బీరువా మోస్తుంటే, వాళ్ళు మన సోఫాలో కాళ్ళు చాపుకుని, "జాగ్రత్త సార్, గోడకి తగులుతుంది" అన్నారు. తర్వాత మీ నడుముకి మందు రాసి రాసి నా చేతులు పడిపోయాయి. ఈసారి చేతులు కట్టుకుని నిలబడండి, చాలు.

మరిచాను: అద్దాల పెట్టెలకి అంటించగా 'పగిలే సామాను' స్టిక్కరు ఒకటి మిగిలింది. టేబుల్ మీదుంది. నడుముకి అంటించుకోండి. మిగతావి విరిగితే కొనుక్కోవచ్చు.