చెడగొడదామంటే కుదిరిన వంట

బావగారికి,

నేను క్షేమం. వంటింట్లోంచే రాస్తున్నాను.

కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి పొద్దుపోతోందని ఇంట్లోవాళ్లు సాయంత్రం వంట నన్ను చేయమన్నారు. "ఒక్కసారి చెడగొట్టు, మళ్లీ నీ జోలికి రారు" అన్నారు కదా మీరు. అలాగే చేశాను. చికెన్ ముక్కలు, ఉడకని పాస్తా, పాలు, మీగడ అన్నీ ఒకే గిన్నెలో పడేసి, మూతపెట్టి పేపరు చదువుకున్నాను.

తీరా చూస్తే పాస్తా వండే ఒక పద్ధతే అదట. మనవరాలు గిన్నె అడుగు దాకా గీకి తింది. "నాన్నా, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇక నీదే" అని మావాడు తేల్చేశాడు. సాయంత్రాలు దర్జీ కొట్లో నేనాడే చదరంగం అంతటితో సరి. మూడు వారాలుగా నా చోట్లో ఎవరు కూర్చుంటున్నారో తెలియదు.

నిన్న తెగించి గుప్పెడు ఉప్పు తీశాను. అప్పుడే కోడలు వచ్చి, భుజాన సంచీ అయినా దించకుండా కుర్చీలో కూలబడింది. "ఈ మూడు వారాలకు ముందు, వేడివేడిగా ఒకరు వండిపెడితే తిని ఎన్నేళ్లయిందో మావయ్యా! ఆ వాసనకే సగం ఆకలి తీరింది" అంది. ఉప్పు మళ్లీ డబ్బాలో పోసేశాను.

మీకు ఇంకో ఉపాయం తడితే రాయండి. తొందరేమీ లేదు, నిదానంగానే ఆలోచించండి.

మీ బావమరిది