మూలన నిలబెట్టాల్సినవాడు

రమణయ్యా,

ఈ ఉత్తరం రాయకుండానే వదిలేద్దామనుకున్నాను. పోయి ఏడాదైనవాడికి కాలేజీ కబడ్డీ సంగతులెందుకు?

నువ్వు పీడీగా ఉన్నన్నాళ్లూ కొత్తగా చేరిన పిల్లల్ని ముందు నా టీ అంగడికే తెచ్చేవాడివి. ఇంట్లో ఏం పని చేస్తారని అడిగేవాడివి. వరి గట్ల మీద పరిగెత్తినవాడిని కూతకు పంపేవాడివి, ఒడ్డున నిలబడి అలివి వల లాగినవాడిని కూతకొచ్చినవాడి కాలు పట్టడానికి మూలన పెట్టేవాడివి. నా టీలో నీళ్లెక్కువని వాళ్ల ముందే తిట్టేవాడివి, అదీ మర్చిపోలేదు.

ఈ ఏడు సముద్రం ఒడ్డు పాళెం నుంచి పోలయ్య చేరాడు, కబడ్డీ కోసమే. కొత్త పీడీ టేపుతో వాడి ఎత్తు కొలిచి కూతకు పంపాడు. మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ దొరికిపోయాడు.

"వల లాగేవోడు సార్ వాడు. మూలన పెట్టండి, పట్టిన కాలు ఒదలడు," అన్నాను.

"నువ్వు టీ చూసుకో పెద్దాయనా. ఆట నాకు ఒదిలేయ్."

జట్టులోంచి తీసేశాడు. పోలయ్య కాలేజీకి రావడమే మానేశాడు.

నిన్న పొద్దున చేపలకని తీరానికి వెళ్లాను. పోలయ్య మడమలు ఇసుకలో దిగేసి వల లాగుతున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. అరకేజీ కానాగంతలు కొనుక్కొని వచ్చేశాను.